తొమ్మిదో తరగతి ధ్వని పాఠానికి ఉపాధ్యాయుల ఫోన్లు ఎంతవరకు ఉపయోగపడతాయి?

ప్రశ్న: పాకాల సైన్సు టీచరు

నమస్కారం. నేను పాకాల సమీపంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతిలో 38 మంది ఉన్నారు. మా ప్రయోగశాలలో శృతిదండాలు ఉన్నాయి కానీ, ఉన్న రెండు స్టాప్‌క్లాకుల్లో ఒకటి నడవదు. విద్యార్థులు పాఠశాలకు ఫోన్లు తేవడాన్ని 2023 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్‌లో నిషేధించిన సంగతి అందరికీ తెలిసిందే. అది సబబేనని నా అభిప్రాయం కూడా. అయితే ప్రయోగాల పీరియడులో నా ఫోనును, మరో ఇద్దరు ఉపాధ్యాయుల ఫోన్లను వాడుకునేందుకు మా ప్రధానోపాధ్యాయులు అనుమతించారు.

పోయిన నెలలో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడును స్కాన్ చేసి, ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన దీక్షాలోని వీడియో ఒకటి చూపించాను. అరచేతి వెడల్పు తెర చుట్టూ 38 మంది మూగితే ముందున్న ఆరుగురికి వీడియో కనిపించింది, మిగిలినవారికి ఆ ఆరుగురి తలలు కనిపించాయి. చూపించడానికి కాకుండా, పిల్లలు తమ చేతులతో చేసి తెలుసుకోవడానికి ఈ మూడు ఫోన్లు ఏ విధంగా ఉపయోగపడతాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: తిరుపతి ఫిజిక్స్ లెక్చరరు

మేడమ్, మీరు ఫోనును తెరగా కాక కొలత పరికరంగా చూడండి. అందులో మైక్రోఫోను, త్వరణాన్ని గుర్తించే సెన్సారు, చాలా ఫోన్లలో కాంతి తీవ్రతను కొలిచే సెన్సారు ఎలాగూ ఉంటాయి. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు రూపొందించిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఈ సెన్సార్ల రీడింగులను నేరుగా చూపిస్తుంది. ఇంటి దగ్గరే దించుకుని వస్తే తరగతిలో సిగ్నలు లేకపోయినా పనిచేస్తుంది.

ధ్వని పాఠానికి అందులోని శబ్ద స్టాప్‌వాచీ చాలు. ఆటస్థలంలో టేపుతో 10 మీటర్లు కొలిచి, రెండు చివర్లా ఒక్కొక్క ఫోను, దాని పక్కన ఒక్కొక్క విద్యార్థి ఉండేటట్లు చూడండి. మొదటి విద్యార్థి చప్పట్లు కొట్టగానే అతని ఫోను వెంటనే మొదలవుతుంది, రెండో ఫోను శబ్దం అక్కడికి చేరాక మొదలవుతుంది. తరువాత రెండో విద్యార్థి చప్పట్లు కొట్టినప్పుడు అతని ఫోను ముందు ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. కాబట్టి రెండు ఫోన్లలోని కాలాల తేడా శబ్దం 20 మీటర్లు ప్రయాణించడానికి పట్టే సమయానికి సమానం. ఈ తేడా సుమారు 0.058 సెకన్లు వస్తే వేగం సెకనుకు 345 మీటర్లు అవుతుంది. 25 డిగ్రీల వద్ద గాలిలో ధ్వని వేగం 346 మీటర్లు కదా! మన ఏప్రిల్ ఎండల్లో 40 డిగ్రీల వద్ద చేస్తే 355 దాకా రావాలి. పిల్లలతో చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చేయించండి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఫోను ఎంత శబ్దానికి స్పందించాలో యాప్‌లో ముందుగా సరిచేసుకోవాలి, లేకపోతే కాకి అరిచినా గడియారం ఆగిపోతుంది. దూరం పెంచితే దోషం తగ్గుతుంది కానీ చప్పట్ల శబ్దం చాలదు. భోజనం పళ్ళేన్ని గరిటెతో కొట్టించండి.

మీ మండలంలోనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడారు ఉంది. అది 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, తిరిగి వచ్చే సంకేతాల ఆధారంగా పైగాలుల వేగాన్ని లెక్కిస్తుంది. తరంగం ప్రయాణానికి పట్టే కాలాన్ని కొలవడం అక్కడా కీలకమేనని చెబితే, బస్సులో వెళుతూ ఆ ఊరి పేరు రోజూ చదివే పిల్లలకు పాఠం దగ్గరవుతుంది.

జవాబు 2: పుత్తూరు గణిత ఉపాధ్యాయుడు

ప్రయోగం సంగతి సార్ చెప్పారు కాబట్టి, పాఠం అర్థమయిందో లేదో తెలుసుకునే మార్గం మాత్రం చెబుతాను. ప్లిక్కర్స్ అనే పద్ధతిలో ఒక్క ఉపాధ్యాయుని ఫోను చాలు. ప్రతి విద్యార్థికి ఒక్కొక్క గుర్తు అచ్చువేసిన కాగితం కార్డు ఇస్తాము. తాను ఎంచుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా విద్యార్థి కార్డు ఎత్తి పట్టుకుంటే, మన ఫోను కెమెరా అందరి జవాబులనూ ఒకేసారి చదువుతుంది. ఎవరి గుర్తు వారిది కనుక పక్కవాడిని చూసి రాయడం కుదరదు. 40 కార్డుల సెట్టు మీ తరగతికి సరిపోతుంది. నిగనిగలాడే లామినేషను మాత్రం వేయించవద్దు. వెలుతురు పడి మెరిస్తే కెమెరా గుర్తును చదవలేదు.

జవాబు 3: చిత్తూరు విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీ ఉత్సాహాన్ని తగ్గించాలని కాదు. రాయికి మీటరు దారం కట్టి ఊపితే 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు పడుతుంది, దానికి చేతి గడియారం చాలు. అక్కడ కూడా ఫోను పెడితే పిల్లవాడు లోలకాన్ని చూడడు, ఫోనును చూస్తాడు. మనిషి చేతికి చిక్కని 0.058 సెకన్లకే ఆ పరికరాన్ని వాడండి.

ఇంకొకటి. అది మీ సొంత ఫోను. పిల్లల చేతిలో ఉండగా ఇంటి వాట్సాప్ సందేశం తెర మీద కనబడటం నేను చూశాను. ముందు ఫ్లైట్ మోడు పెట్టండి. ఆ ఒక్క యాప్ తప్ప మరేదీ తెరవకుండా ఆండ్రాయిడ్‌లో తెరను పిన్ చేసే సౌకర్యం ఉంది. కిందపడి పగిలితే ఎవరు భరించాలో ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడుకోండి.

పాకాల సైన్సు టీచరు

అందరికీ కృతజ్ఞతలు. శనివారం నాడు ప్రయోగం చేయించాను. తేడాలు వరుసగా 0.061, 0.056, 0.063 సెకన్లు వచ్చాయి, సగటు 0.060, అంటే వేగం 333. నాలుగోసారి 0.031 రావడంతో తరగతి రెండుగా చీలిపోయింది. వంటగదిలో గిన్నె పడిన చప్పుడు వినబడింది కాబట్టి దాన్ని కొట్టివేయాలని కొందరు, మనకు నచ్చని అంకెను తీసేస్తే అది ప్రయోగం ఎలా అవుతుందని మరికొందరు వాదించుకున్నారు. పెద్దాయన సలహా ప్రకారం లోలకానికి ఫోను వాడలేదు. ఈ వారం గాలి వీచే దిశలో ఒకసారి, ఎదురుగాలిలో ఒకసారి కొలవాలని ఒక అమ్మాయి అడిగింది. కానీ ఈ పద్ధతిలో శబ్దం పోవడానికీ రావడానికీ పట్టే కాలాలు కలిసిపోతాయి కాబట్టి గాలి ప్రభావం చాలావరకు రద్దవుతుందని నాకు అనిపిస్తోంది. లెక్చరరు గారు, మూడో ఫోనుతో దీన్ని విడదీసే ఉపాయం ఏమైనా ఉందా?