'ప్రత్యేకమైన వ్యక్తి' అంటే ఎవరమ్మా అని అడుగుతున్నారు

ప్రశ్న (నర్సింగ్ పీజీ విద్యార్థిని):
అందరికీ నమస్తే. కీమో తీసుకుంటున్నవాళ్లకి తమకు తోడు ఉందని ఎంతవరకు అనిపిస్తోందో కొలవడం నా థీసిస్. 1988లో జిమెట్, ఆయన సహచరులు ప్రచురించిన ఎంఎస్‌పీఎస్‌ఎస్ అనే స్కేలు (తోడుందన్న భావనను కొలిచే ప్రశ్నావళి) తీసుకున్నాను. 12 వాక్యాలు, ఒక్కోదానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 7 (పూర్తిగా ఒప్పుకుంటాను) దాకా అంకె. కుటుంబం, స్నేహితులు, 'ప్రత్యేకమైన వ్యక్తి', మూడింటికీ నాలుగేసి వాక్యాలు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేశారు, రెండూ కలిపి ఒకటి చేశాం, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చారు. కాగితం మీద అంతా బాగానే ఉంది.

చిక్కంతా పైలట్‌లో, అంటే ముందుగా కొద్దిమందితో చేసి చూసిన ట్రయల్‌లో వచ్చింది. "అవసరమైనప్పుడు దగ్గరుండే ప్రత్యేకమైన వ్యక్తి ఒకరున్నారు" అని చదివితే ఒకావిడ "డాక్టరు గారా?" అంది. ఒకాయన దేవుడన్నారు. ఒకమ్మాయి సిగ్గుపడి తల దించుకుంది. సెలైన్ ఎక్కుతున్న ఒక పెద్దావిడ పక్కనున్న కోడలి వైపు చూసి "అన్నిటికీ ఏడే వేసుకో తల్లీ" అంది. కోడలు మందులు తేవడానికి వెళ్లగానే నా చెయ్యి పట్టుకుని, "అన్నీ చేస్తారమ్మా, నా భయం మాత్రం ఎవరికీ చెప్పుకోలేను" అంది. ఆ ఏడులు కొట్టేసి మళ్లీ అడగాలా? ఆ వాక్యం మార్చొచ్చా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు (క్యాన్సర్ వార్డు కౌన్సెలర్):
కొట్టేయకండి. ఆవిడన్న మాట పక్కనే రాసి పెట్టుకోండి. అందుతున్న సాయం వేరు, తోడుందనిపించడం వేరు. మీ స్కేలు అడిగేది రెండోది. 8వ వాక్యమే చూడండి, ఇంట్లోవాళ్లతో నా సమస్యలు మాట్లాడగలను అని. కోడలు పక్కనుండగా దానికి 2 ఎలా చెబుతుంది? ఇకమీదట అటెండెంట్లను కాసేపు బయట కూర్చోమనండి. అందరికీ ఇలాగే చేస్తామని ముందే చెప్పండి, లేకపోతే ఏదో దాస్తున్నారని కంగారు పడతారు.

జవాబు (స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టారు):
వాక్యం తీసేయొద్దమ్మా, మిగతా అనువాదాలతో పోల్చడానికి వీలుండదు. మాట మార్చుకోవచ్చు. మార్చాక కొందరికి చదివి "మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడుగు. కొన్ని భాషల్లో కుటుంబం, ప్రత్యేక వ్యక్తి కలిసిపోయి మూడుకు బదులు రెండు ఫాక్టర్లే (జవాబులు ఒకేలా నడిచే వాక్యాల గుంపులు) వచ్చాయి, నీకూ అలా వస్తే కంగారు పడకు. ఆల్ఫా (వాక్యాలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) 0.9 దాటిందని సంబరపడకు కూడా. ఒక్కొక్కరు అన్నిటికీ ఒకే అంకె చెప్పుకుంటూ పోయినా ఆల్ఫా పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, మేడమ్, చాలా థ్యాంక్స్. ఇవాళ నలుగురిని ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. "నా మనిషి అని చెప్పుకోగలిగినవారు ఒకరున్నారు" అని చదివాను. ఈసారి డాక్టరా అని ఎవరూ అడగలేదు. ముగ్గురు వెంటనే ఎవరో చెప్పేశారు. నాలుగో ఆయన చాలాసేపు సెలైన్ సీసా వైపే చూసి, "రెండు వెయ్యమ్మా" అన్నారు. ఆయన భార్య అప్పుడు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మార్చిన వాక్యం రేపు బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌కి పంపుతున్నాను. ఆ నాలుగో ఆయన సరేనన్నాక, ఆయన్ని కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడించమని డ్యూటీ సిస్టర్‌కి చెప్పి వచ్చాను.