అప్‌డేట్: చివరికి రామ్ 3500 ట్రక్కుకే వెళ్లాం

12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కి (ముందు భాగం ట్రక్కు వెనక తొట్టిలో ఆనే రకం) రామ్ 2500 డీజిల్ పికప్ ట్రక్కు సరిపోతుందా, 3500 తీసుకోవాలా అని అడిగాను కదా. ట్రక్కు ఎంత బరువు మోయగలదో చెప్పే, డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్ చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్. రెండింట్లోనూ 6.7 లీటర్ల కమిన్స్ ఇంజినే, లాగడంలో ఏదీ తగ్గదు. అసలు సంగతి మోసే బరువు. ఈ రకం ట్రైలర్ బరువులో దాదాపు ఐదో వంతు, అంటే 2,400 పౌండ్లు, ట్రక్కు మీదే పడుతుంది. మేం చూసిన 2500 స్టిక్కర్ మీద మోసే బరువు 2,000 పౌండ్లు కూడా లేదు! మనుషులు, హిచ్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే బిగింపు), సామాను అన్నీ అందులోనే సర్దాలి. 3500కి వెనక ఎక్కువ బరువు మోసే గట్టి లీఫ్ స్ప్రింగులు (పట్టీల స్ప్రింగులు). ఖాళీగా వెళ్తే కుదుపు ఎక్కువే, నాన్నగారి నడుము గురించి కొంచెం టెన్షన్ ఉంది. వెనక నాలుగు టైర్ల డ్యూయలీ మాత్రం వద్దనుకున్నాం, రోజూ పార్కింగ్ కష్టం. హిచ్ బిగించాక లోడుతో తూకం వేయించి ఆ నంబర్లు పెడతాను.