రొయ్యల ప్లాంటులో సర్టిఫికెట్లన్నీ ఉన్నా కంప్లయింట్లు ఆగట్లేదు: క్యూసీ (నాణ్యత తనిఖీ) పెంచాలా, ట్రైనింగ్ ఇవ్వాలా?

తీరం_ప్యాకింగ్:
నమస్కారం అండి. మాది ఇందుకూరుపేట వైపు ప్లాంటు. రోజుకు 10 టన్నుల వనామి రకం రొయ్య, తలతో వస్తుంది. హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రత పద్ధతి) ఉంది, ఐఎస్ఓ 9001 (నాణ్యత నిర్వహణ సర్టిఫికెట్) ఉంది, ఆడిట్లు పాసవుతున్నాం. అయినా మూడు కంప్లయింట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. తోకతో పంపే పీడీ (పొట్టు, నరం తీసిన) మాలులో తోకలు విరిగినవి ఎక్కువ, నరం (వీపు మీది నల్లటి పేగు) ముక్కలు మిగిలిపోతున్నాయి, 21/25 (పౌనుకు, అంటే 454 గ్రాములకు, 21 నుంచి 25 ముక్కలు) డబ్బాలో చిన్న సైజు కలుస్తోంది. పీలింగ్ (పొట్టు తీసే పని) అంతా కూలీలను తెచ్చే మేస్త్రీ కింద, కిలో రేటు మీద. పండక్కి ఊరెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కిన దగ్గర్నుంచి ఐరోపా, జపాన్ ఆర్డర్ల కోసం చూస్తున్నాం, వాళ్లు ఇట్లాంటివి ఒప్పుకోరు. ప్యాకింగ్ దగ్గర క్యూసీకి ఇంకో నలుగుర్ని పెడదామని యాజమాన్యం అంటోంది. ఆ డబ్బు పీలింగ్ వాళ్లకు నేర్పడానికి పెడదామని నేనంటున్నా. ఎట్లా ఒప్పించాలి?

క్యూసీ_బల్ల:
ప్యాకింగ్ దగ్గర నలుగురు కాదు, పదిమంది నిలబడినా విరిగిన తోక అతుక్కోదండి. వాళ్లు చేయగలిగింది ఆ ముక్కను ఏరి తక్కువ ధర మాలులోకి వేయడమే. మూడింటికీ కారణాలు వేరు, విడివిడిగా చూడండి.

సైజు కలవడం పీలింగ్ వాళ్ల తప్పు కాదు. గ్రేడింగ్ మెషిన్‌లో రోలర్ల మధ్య సందు సైజు మారినప్పుడల్లా సరిచేయాలి. మాలు ఒక్కసారిగా కుమ్మరిస్తే రొయ్యలు ఒకదాని మీద ఒకటి ఎక్కి సందు దాటిపోతాయి. 454 గ్రాములు తూచి 23 ముక్కలొచ్చాయి కదా అని వదిలేయకండి, పెద్దవీ చిన్నవీ కలిసినా సగటు 23 వస్తుంది. 2 కిలోలు తీసుకుంటే దాదాపు 100 ముక్కలుంటాయి. అందులో పెద్దవి 10, చిన్నవి 10 విడిగా తూచి, పెద్దవాటి బరువును చిన్నవాటి బరువుతో భాగించండి. ఆ నిష్పత్తి కొనుగోలుదారు చెప్పిన హద్దు దాటితే సగటు కౌంట్ ఎంత బాగున్నా డబ్బా తప్పే.

నరం తెగిపోవడానికి సగం కారణం బల్ల దాకా రాకముందే ఉంటుంది. ఐస్ కరిగి మాలు మెత్తబడినా, పొర విడిచిన రొయ్య ఎక్కువగా ఉన్నా, సూదితో లాగగానే నరం మధ్యలో తెగుతుంది. తోక వైపు ముక్క లోపలే ఉండిపోతుంది. బల్ల మీద ఐస్ ఎప్పుడు వేశారో చూడకుండా ఆడవాళ్లను తిడితే ఏం లాభం?

ఇక తోకలంటారా, అది కిలో రేటు ఫలితం. వేగానికి డబ్బిస్తే వేగమే వస్తుంది. తోక నిలవాలంటే చివరి కణుపు పెంకు వదిలేసి అంతవరకే పొట్టు తీయాలి. తొందరలో ఒకేసారి లాగేస్తే తోక ఊడొస్తుంది. కిలో రేటు పూర్తిగా ఎత్తేయమనను. కొంచెం తగ్గించి, ఆ తగ్గించిన భాగానికి ఇంకాస్త కలిపి నాణ్యతకు కట్టండి. గంటకోసారి ప్రతి బల్ల నుంచి 50 ముక్కలు తీసి, లోపాలు 2 దాటకపోతే ఆ గంటకు ఆ బల్లకు అదనపు రేటు. జరిమానా మాత్రం పెట్టొద్దు. జరిమానా పెట్టిన రోజు నుంచి విరిగినవి ట్రే అడుగుకు పోతాయి.

లెక్కల_పుస్తకం:
యాజమాన్యం ముందు నాణ్యత అనే మాటతో మొదలుపెట్టకండి సార్, రాబడి శాతంతో (వచ్చిన ముడి మాలులో అమ్మకానికి ఎంత మిగిలిందో ఆ శాతం) మొదలుపెట్టండి. తల తీసేటప్పుడు మెడ కండ కొంచెం తలతో పోతుంది. 10 టన్నుల మీద ఒక్క శాతం అట్లా పోతే రోజుకు 100 కిలోలు. తల తీసిన మాలు కిలో 400 అనుకుంటే 40,000 రూపాయలు. 60 మందికి రోజూ అరగంట నేర్పినా 30 పని గంటలు, గంటకు 60 వేసుకుంటే 1,800. నలుగురు క్యూసీ వాళ్లకు తలా 18,000 చొప్పున నెలకు 72,000, దాంతో ఒక్క కిలో కండ కూడా తిరిగి రాదు. ధరలు నేను అనుకున్నవి, మీ అంకెలు వేసుకోండి.

ఒక జాగ్రత్త. రాబడి ఒక్కటే చూపించి ఒత్తిడి పెడితే అది వేరే దారిలో వస్తుంది. ఫాస్ఫేట్ నీళ్లలో ఎక్కువసేపు నానబెట్టి బరువు పెంచుతారు. కొనుగోలుదారు తేమ పరీక్షలో అది దొరుకుతుంది, తిన్నవాళ్లకు నోట్లో రబ్బరులా ఉంటుంది. రాబడి, లోపాలు, నానబెట్టిన నిమిషాలు మూడూ ఒకే కాగితం మీద రాయించండి.

చల్లగది:
పైవాళ్లు చెప్పినవన్నీ సరే, కానీ మీ ప్లాంటులో నిజం చెప్పినవాళ్లకు ఏమవుతుంది అన్నది నా ప్రశ్న. ఉష్ణోగ్రత రిజిస్టర్ తెరిచి చూడండి. నెలంతా 3.8, 4.0, 3.9 తప్ప ఇంకో అంకె లేకపోతే, అంతా ఒకే పెన్నుతో ఉంటే, అది థర్మామీటర్ చూసి రాసింది కాదు. 7 డిగ్రీలు రాసిన కుర్రాణ్ని ఎవరో కసిరుంటారు. ఆ రోజు నుంచి హెచ్‌ఏసీసీపీ కాగితంగానే మిగులుతుంది. 7 అని రాస్తే సూపర్‌వైజర్ వెంటనే ఐస్ వేయించి, ఎన్ని నిమిషాల్లో దిగిందో పక్కనే రాయాలి. రాసినవాడికి అందరి ముందూ మంచి మాట దక్కాలి.

చేతి గాయాలూ అంతే. చల్లనీళ్లు, క్లోరిన్, రొయ్య ముల్లు కలిసి వేళ్లు పుండ్లవుతాయి. పుండు చూపిస్తే ఇంటికి పంపుతారు, కూలి పోతుంది. అందుకని దాస్తారు, దాచిన చెయ్యే మాలులో పడుతుంది. గాయమున్నవాళ్లకు అదే కూలికి అట్టపెట్టెల మీద లేబుళ్లు అంటించే పనివ్వండి. రబ్బరు గ్లవుజుల లోపల నూలు గ్లవుజులివ్వండి. క్లోరిన్ కూడా ఎక్కువైతే చర్మం పగులుతుంది. 50 లీటర్ల చేతి తొట్టికి 10 శాతం హైపోక్లోరైట్ 10 మిల్లీలీటర్లు పోస్తే 20 పీపీఎం (పది లక్షల్లో 20 భాగాలు) వస్తుంది. మూతతో అంచనాగా పోయకుండా కొలపాత్ర పెట్టండి. రొయ్య రసం కలిసేకొద్దీ క్లోరిన్ చచ్చిపోతుంది కాబట్టి గంటకోసారి పరీక్ష స్ట్రిప్‌తో చూడాలి.

ఐరోపాకు వెళ్తామంటున్నారు కదా. 2022 నవంబరు 28 నుంచి అక్కడ నిషేధిత యాంటీబయాటిక్‌లలో నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, క్లోరాంఫెనికాల్‌కు 0.15 మైక్రోగ్రాములు హద్దు. దీన్ని ప్లాంటులో కడగలేం, పట్టుబడికి (చెరువులో రొయ్యలు పట్టడానికి) ముందే చెరువు దగ్గర పరీక్ష చేయించాలి. రిపోర్టు లేని బండిని దించనని చెప్పే అధికారం మాలు దించుకునే దగ్గరున్న ఉద్యోగికి ఉండాలి. అది యజమాని బావమరిది చెరువు మాలైనా సరే.

చీమకుర్తి_పలక:
మాది గ్రానైట్ అయినా నేర్పే పద్ధతి ఒకటేనండి. బ్లాక్ గెలాక్సీ పలక 2 సెంటీమీటర్లు అని ఆర్డరిస్తే ఒక మూల 18 మిల్లీమీటర్లు వచ్చిందంటే కోసేవాడికి ఎవరూ కొలిచి చూపించలేదని అర్థం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో మొదలై జపాన్ వెళ్లిన పద్ధతి ఉంది, నాలుగు మెట్లు: మనిషిని కుదురుగా నిలబెట్టడం, పని చేసి చూపిస్తూ ఎందుకో చెప్పడం, వాళ్లతో చేయించి వాళ్ల నోటే చెప్పించడం, తర్వాత వెళ్లి చూస్తుండటం. మన దగ్గర రెండోదానితోనే ఆపేస్తారు. ఇంగ్లిష్ ఎస్ఓపీ (పని చేసే విధానం రాసిన కాగితం) గోడకు అంటిస్తే ఎవరు చదువుతారు? విరిగిన తోక, సరైన తోక ఫోటోలు బల్ల మీదే పెట్టండి. ఒడియా వాళ్లుంటే వాళ్లలోనే ఒకరికి ముందు నేర్పండి.

మనుషులు నిలవాలంటే పైకి వెళ్లే దారి కనపడాలి. పీలింగ్, గ్రేడింగ్, క్యూసీ మూడు పనుల్లో ఎవరికి ఏది ఎంత వచ్చో ఒక చార్టు రాసి, ఒక్కో మెట్టుకూ రేటు పెంచండి. బల్లకు పెద్దగా మేస్త్రీ మనిషిని కాకుండా బాగా చేసే ఆమెనే పెట్టండి.

తీరం_ప్యాకింగ్:
అందరికీ ధన్యవాదాలు. రాబడి లెక్క రేపే మొదలుపెడతా. ఒక్క చిక్కు: మేస్త్రీకి కమీషన్ కిలోల మీదే. ఆయన ఒప్పుకోకపోతే?

క్యూసీ_బల్ల:
ఆయన కమీషన్‌లోనూ కొంత భాగం ఆ 50 ముక్కల లెక్కకే కట్టండి, లేకపోతే మీరు బల్ల దగ్గర నిదానంగా అంటే ఆయన వెనకనుంచి తొందరగా అంటాడు. అన్ని బల్లలూ ఒకేసారి మార్చొద్దు. రెండు వారాలు రెండు బల్లలకే పెట్టి, పక్క బల్లలతో పాటు రాబడీ లోపాలూ రోజూ బోర్డు మీద రాయండి. ఆ రెండు బల్లల్లో ఏ ఒక్కరి కూలీ పాతదానికంటే తగ్గకుండా మొదటి వారం హామీ ఇవ్వండి.