ఎక్సోమ్ అనే జన్యుపరీక్ష రిపోర్టులో ఏదీ తేలలేదు, రీసెర్చ్‌కు శాంపిల్ ఇవ్వమంటున్నారు. ఇచ్చినవాళ్లు చెప్పండి

నాచారం అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగో ఏడు. ఏడాదిన్నర దాకా బాగానే ఉంది, పట్టుకుని నిలబడేది. ఒక వైరల్ జ్వరం వచ్చి తగ్గాక మెడ కూడా నిలపలేకపోయింది. తర్వాత కొంత కోలుకుంది కానీ నడక రాలేదు. కనురెప్పలు వాలిపోతాయి, కాసేపు ఆడితే అలసిపోతుంది. ఎంఆర్ఐలో మెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే చోట రెండువైపులా మార్పులు ఉన్నాయన్నారు. రక్తంలో లాక్టేట్ కూడా ఎక్కువే వచ్చింది. మైటోకాండ్రియల్ జబ్బు (కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా సరిగా పనిచేయకపోవడం) కావచ్చు, లీ సిండ్రోమ్ లాంటిది అని డాక్టర్ గారి అనుమానం.

ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పాప ఒక్కదానికే ఎక్సోమ్ చేయించాం. ఒక జన్యువులో ఏదో మార్పు ఉందట, జబ్బుకు అదే కారణమో కాదో ఇప్పుడే చెప్పలేమని రాశారు. ఇప్పుడు డాక్టర్ గారు రీసెర్చ్ ప్రాజెక్టులో మా ముగ్గురి రక్తం ఇవ్వమంటున్నారు. మా అత్తయ్య ససేమిరా వద్దంటున్నారు, పిల్ల మీద ప్రయోగాలు చేస్తారేమోనని ఆవిడ భయం. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుందని ఎవరో చెప్పారట, అప్పటి నుంచి ఇంట్లో మాటలన్నీ నా వైపే. మాది మేనరికం కూడా కాదు. శాంపిల్ ఇస్తే పాపకు ఏమైనా ఒరుగుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మల్కాజిగిరి నాన్న:
చెల్లెమ్మా, మా బాబుది డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, కండరాలు క్రమంగా బలహీనపడే జన్యుజబ్బు. మీ పాప జబ్బు వేరు, కానీ కారణం తెలియకుండా గడపడం ఎట్లుంటదో నాకు బాగా తెలుసు. మావాడికి రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వచ్చాయి. అంతే, లివర్ జబ్బు అని చాలా కాలం లివర్ మందులే వాడించారు. మెట్లు ఎక్కలేకపోతున్నాడు, కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఊని లేస్తున్నాడు అని చెప్పినా బలహీనత అనేవారు. చివరికి ఒక పిల్లల డాక్టర్ సీపీకే అనే కండరాల ఎంజైమ్ పరీక్ష రాశారు. వందల్లో ఉండాల్సింది పదివేలు దాటింది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి, కండరం పాడైతే రక్తంలోకి వస్తాయి. ఇది చదివే తల్లిదండ్రులెవరైనా ఉంటే గుర్తుంచుకోండి: మగపిల్లాడు తరచూ పడిపోతున్నాడు, ఎస్‌జీపీటీ ఎక్కువుంది, కామెర్లు లేవు అంటే సీపీకే చేయించమని అడగండి.

జన్యుపరీక్ష అయ్యాకే దారి కనిపించింది. ఈ జబ్బుకు కారణమైన డిస్ట్రఫిన్ జన్యువులో 79 ఎక్సాన్లు, అంటే ముక్కలు, ఉంటాయి. ఏవి పోయాయో కచ్చితంగా తెలిస్తేనే ఏ ట్రయల్‌కు పనికొస్తాడో తెలుస్తుంది. ఎక్సాన్ 51ను దాటవేయించే (స్కిప్పింగ్) మందుకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది, అది ఆ రకం మార్పులున్నవాళ్లకే. మావాడి మార్పు వేరు, కాబట్టి ఇప్పటికి స్టెరాయిడ్, ఫిజియోథెరపీ, ఏటా గుండె ఎకో. అయినా శాంపిల్ ఇచ్చాం, రిజిస్ట్రీలో పేరు రాయించాం. రేపు ఏదన్నా ట్రయల్ మొదలైతే వాళ్లు ముందు చూసేది ఆ లిస్టే కదా.

ఉప్పల్ ల్యాబ్ అక్క:
నేను జన్యుపరిశోధన ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్‌ని కాదు, మందుల సంగతి చెప్పను.

ముందుగా తల్లి వైపు అన్న మాట. మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది, 16,569 అక్షరాలు, 37 జన్యువులు. అది తల్లి నుంచే వస్తుంది, నిజమే. కానీ మైటోకాండ్రియా పనిచేయడానికి కావలసిన వెయ్యికి పైగా ప్రోటీన్లలో ఆ డీఎన్‌ఏ తయారుచేసేవి 13 మాత్రమే. మిగతావన్నీ మామూలు క్రోమోజోముల మీది జన్యువుల నుంచి వస్తాయి. చిన్నపిల్లల్లో వచ్చే మైటోకాండ్రియల్ జబ్బుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. లీ సిండ్రోమ్‌లో తరచూ కనిపించే సర్ఫ్1 జన్యువే తీసుకోండి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలూ పాడైతేనే జబ్బు. తల్లి డీఎన్‌ఏ నుంచే వచ్చినా అది ఎవరి తప్పూ కాదు. మీ అత్తయ్యగారికి నేను ఫోన్లో చెప్పాలన్నా చెప్తాను.

మేనరికం సంగతి. 2017లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు కలిసి దక్షిణాసియా సమూహాల మీద ఒక పరిశోధన ప్రచురించాయి. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన చాలా సమూహాల్లో, దగ్గరి బంధుత్వం లేని ఇద్దరి మధ్య కూడా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన డీఎన్‌ఏ ముక్కలు చాలా కనిపించాయి. అంటే మేనరికం కాకపోయినా ఇద్దరిలోనూ ఒకే మార్పు ఉండవచ్చు. ఇది విదేశీ డేటాబేసుల్లో దొరకదు, మన జనాల శాంపిళ్లు చూస్తేనే తెలుస్తుంది. మీ పాప రిపోర్టులో ఆ మార్పు తేలకపోవడానికి ఇదే కారణం కావచ్చు. మన పిల్లల డేటా తక్కువ, కాబట్టి అది మన దగ్గర మామూలుగా ఉండే మార్పో, జబ్బు చేసే మార్పో ల్యాబ్ చెప్పలేకపోతోంది.

ముగ్గురి రక్తం ఎందుకంటే, పాపలో కనిపించిన మార్పు మీ ఇద్దరిలో ఎవరి దగ్గర ఉంది, ఇద్దరి దగ్గరా ఉందా, కొత్తగా పుట్టిందా అని చూడటానికి. చాలాసార్లు దీంతోనే సగం తేలిపోతుంది. ఇంకొకటి అడగండి: చేసిన ఎక్సోమ్‌లో మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ కూడా చదివారా? చాలా ఎక్సోమ్‌లలో దాన్ని విడిగా అడిగితేనే చేస్తారు. కొన్ని మార్పులు రక్తంలో తగ్గిపోతాయి. మైటోకాండ్రియల్ డీఎన్‌ఏలో 3243 స్థానంలో వచ్చే మార్పు వయసుతో పాటు రక్తంలో తగ్గుతుంది, మూత్రంలోని కణాల్లో బాగా కనిపిస్తుంది. అందుకే రక్తం నెగటివ్ వచ్చిందని అక్కడితో ఆపకూడదు.

కరీంనగర్ టీచర్:
నాది కొంచెం చేదు అనుభవం, అయినా చెప్పాలి. మా అమ్మాయికి పుట్టుకతో వచ్చే మయోపతి, అంటే కండరాల జబ్బు. ఒకచోట శాంపిల్ ఇచ్చాం. ఆ తర్వాత ఫోన్ లేదు, రిపోర్ట్ లేదు. మేమే అడిగితే ప్రాజెక్టు అయిపోయిందన్నారు. రీసెర్చ్ వద్దని కాదు, సంతకం పెట్టేముందు అడగండి అంటున్నాను. ఏదైనా దొరికితే మాకు చెప్తారా? చెప్పాల్సిన మనిషి ఎవరు, ఆయన వెళ్లిపోతే ఎవరు? ఆ డీఎన్‌ఏ వేరే పరిశోధనలకు వాడతారా? మధ్యలో వద్దనుకుంటే తీసేస్తారా? పేషెంట్ సమాచార పత్రంలో ఎథిక్స్ కమిటీ నంబర్ ఉండాలి, ఆ కాగితం ఒక కాపీ మీకు ఇవ్వాలి. తెలుగులో ఇవ్వమని అడిగే హక్కు మీకుంది. ఇంగ్లీష్‌లోనే ఉంటే, చదివి వివరించేదాకా సంతకం పెట్టకండి. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా తీసుకోవాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఉప్పల్ ల్యాబ్ అక్క:
టీచర్ గారూ, మీరు అడిగిన ప్రతి ప్రశ్నా న్యాయమైనదే. ఇది మా రంగం సరిచేసుకోవాల్సిన విషయం. రీసెర్చ్‌లో దొరికిన మార్పును మళ్లీ డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో నిర్ధారించాకే రిపోర్టుగా ఇవ్వాలి, అందుకు సమయం పడుతుంది. కానీ ఆ సంగతి ముందే చెప్పడం మా బాధ్యత.

బోడుప్పల్ నుంచి:
మా పాపది ఎస్‌ఎంఏ టైప్ 2, వెన్నుపాములోని నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే జన్యుజబ్బు. రీసెర్చ్ వల్ల ఒరిగేది ఏంటి అని అడిగారు కదా. దానికి కారణమైన ఎస్‌ఎంఎన్1 జన్యువు 1995లో దొరికింది. మొదటి మందుకు అమెరికాలో అనుమతి 2016 చివర్లో వచ్చింది. ఆ మధ్య కాలంలో రక్తం ఇచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలకు ఆ మందు అందలేదు. వాళ్లు ఇచ్చారు కాబట్టే మా పాప ఇప్పుడు ఎస్‌ఎంఏకు వాడే రిస్డిప్లామ్ మందు తాగుతోంది. రోష్ కంపెనీ అమ్మే ఈ మందు సీసా ఆరు లక్షల దాకా ఉండేది. పేటెంట్ మీద కోర్టుల్లో నడిచి, 2025 అక్టోబర్‌లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో అదే మందు సీసాను 15,900 రూపాయల ఎంఆర్‌పీకి తెచ్చింది, సుప్రీంకోర్టు కూడా అడ్డుపడలేదు. 20 కిలోలు దాటిన పిల్లలకు సీసా 12 రోజులు వస్తుంది, కాబట్టి ఇప్పటికీ భారమే. కానీ ముందు మేం ఆ మందు పేరు తలచుకోవడానికే భయపడేవాళ్లం. 2021లో మన ఊళ్లోనే ఒక బాబుకు చందాలు పోగుచేసి 16 కోట్ల ఇంజెక్షన్ ఇప్పించారు, గుర్తుంది కదా. అందరికీ అట్లా చందాలు రావు. మందు చవక కావడమే అసలు దారి.

మైటో తల్లి, మియాపూర్:
నాచారం అమ్మా, నాదీ మీలాంటి కథే, అందుకే కొంచెం గట్టిగా చెప్తున్నా. శాంపిల్ సంగతి తర్వాత, ఈ వారమే డాక్టర్ గారిని మూడు విషయాలు అడగండి.

లీ సిండ్రోమ్ లాగే కనిపించే ఇంకో జబ్బు ఉంది, ఎస్‌ఎల్‌సీ19ఏ3 జన్యువు వల్ల వస్తుంది. అదీ జ్వరం తర్వాతే బయటపడుతుంది, ఎంఆర్ఐ కూడా అలాగే ఉంటుంది. దానికి బయోటిన్, థయామిన్ అనే విటమిన్లు పెద్ద డోసులో త్వరగా ఇస్తే పిల్లలు బాగా కోలుకుంటారు. అందుకే ఫలితం రాకముందే మొదలుపెడతారు. మీ పాపకు మొదలుపెట్టారా?

ఫిట్స్ ఉంటే ఏ మందు వాడుతున్నారు? పోల్జీ అనే జన్యువులో లోపం ఉన్న పిల్లలకు వాల్‌ప్రోయేట్ ఇస్తే లివర్ ఒక్కసారిగా దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. పోల్జీ కాదని తేలేదాకా వేరే మందు ఇవ్వగలరా అని అడగండి.

మూడోది, ఎమర్జెన్సీ లెటర్. జ్వరం, వాంతులు వచ్చి ఏమీ తినకపోతే ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకూడదు, గ్లూకోజ్ సెలైన్ పెట్టాలి. ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఇవన్నీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని ఫోన్లో ఫోటో, పర్సులో కాగితం పెట్టుకోండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్‌కు ఈ జబ్బు పేరు వివరించి చెప్పే ఓపిక మనకు ఉండదు.

లాక్టేట్ గురించి కూడా: పాప ఏడుస్తుండగా చేయి గట్టిగా కట్టి రక్తం తీస్తే అది ఊరికే ఎక్కువ చూపిస్తుంది. ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కు పంపారో లేదో కనుక్కోండి.

మల్కాజిగిరి నాన్న:
మత్తు మాట వచ్చింది కాబట్టి, డుషేన్ పిల్లలకు సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ అస్సలు ఇవ్వకూడదు, గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. పన్ను పీకించడానికి పోయినా సరే ముందు చెప్పండి.

నాచారం అమ్మ:
అక్కా, విటమిన్లు మొదలుపెట్టారు, కానీ ఎందుకో ఇప్పుడే అర్థమైంది. వాల్‌ప్రోయేట్ వాడట్లేదు. లెటర్ మాత్రం లేదు, రేపే అడుగుతాను. ల్యాబ్ అక్కా, మీరు రాసింది మా ఆయనతో ఇంట్లో చదివించాను. అత్తయ్య ఏమీ అనలేదు, కానీ విన్నారు. ఇంకొక్క ప్రశ్న, అడగడానికి మొహమాటంగా ఉంది. ఇంకో బిడ్డ గురించి ఆలోచించొచ్చా?

ఉప్పల్ ల్యాబ్ అక్క:
మొహమాటం ఎందుకండీ, జన్యు సలహా ఉన్నదే ఇందుకు. మీ ఇద్దరి దగ్గరా ఉన్న మార్పు వల్ల వచ్చిన రకం అయితే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. కారణమైన మార్పు కచ్చితంగా తేలితే 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయవచ్చు. తేలకపోతే ఆ పరీక్షలో వెతకడానికి ఏమీ ఉండదు. మీకు శాంపిల్ వల్ల మొదట దొరికేది ఇదే, పాపకు మందు కంటే ముందు. తల్లి మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ రకం అయితే లెక్క వేరు, బిడ్డకు ఎంత శాతం వెళ్తుందో ముందే చెప్పలేం. బ్రిటన్‌లో 2015లో చట్టం చేసి, దాత అండంలోని ఆరోగ్యకరమైన మైటోకాండ్రియాతో ఐవీఎఫ్ చేస్తున్నారు. అలా ఎనిమిది మంది పిల్లలు పుట్టారని న్యూకాసిల్ డాక్టర్లు 2025 జూలైలో ప్రచురించారు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారని రాశారు.

బోడుప్పల్ నుంచి:
ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్తాను. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద మన దగ్గర సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి కలిపి. జాబితాలో ఉన్న జబ్బులకు ఆర్థిక సాయం 2022లో 50 లక్షల దాకా పెంచారు, దరఖాస్తు ఈ సెంటర్ ద్వారానే. పిల్లల అరుదైన జన్యువ్యాధుల కోసం ప్రాజెడ్ అనే మిషన్ కూడా సీడీఎఫ్‌డీ నడుపుతోంది. నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ ఓపీకి పొద్దున్నే వెళ్లండి. పాపను కూర్చోబెట్టడానికి సొంత కుర్చీయో స్ట్రాలరో తీసుకెళ్లండి. యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) పని కూడా పక్కన మొదలుపెట్టండి, స్కూలుకూ పెన్షన్‌కూ అదే అడుగుతారు.

నాచారం అమ్మ:
పాత రిపోర్టులన్నీ ఫైల్ చేశాను. ఎక్సోమ్ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుందా? దానికే చాలా ఖర్చయింది.

ఉప్పల్ ల్యాబ్ అక్క:
చాలాసార్లు అక్కర్లేదు. ఆ ల్యాబ్‌కు మెయిల్ పెట్టి రా డేటా (ముడి డేటా) అడగండి, ఫాస్ట్‌క్యూ, బ్యామ్, వీసీఎఫ్ ఫైళ్లు కావాలని రాయండి. పీడీఎఫ్ రిపోర్ట్ పంపి సరిపెడతారు, ఒప్పుకోవద్దు. ఖాళీ హార్డ్ డిస్క్ తెమ్మనవచ్చు, లేదా లింక్ ఇస్తారు. లింక్ ఇస్తే వెంటనే దించుకోండి, కొన్నాళ్లకు అది పనిచేయదు. కొత్త జన్యువులు ఏటా బయటపడుతున్నాయి, అదే డేటాను ఏడాది రెండేళ్లకు మళ్లీ చూస్తే కొందరికి జవాబు దొరుకుతోంది. పాప ఎంఆర్ఐ సీడీ కూడా తీసుకెళ్లండి. ఫిల్ములు చాలవు.