మాటల్లేని సినిమాకి లైవ్‌లో వాయించాలి, లూపర్‌తో ఇబ్బంది

అలలహోరు:
నమస్కారం అండి. మా స్నేహితుడు 40 నిమిషాల సినిమా తీశాడు. నలుపు తెలుపు, మాటలు లేవు. లంబసింగి పొగమంచు, భీమిలి డచ్ సమాధులు, రాత్రిపూట ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు పగలగొట్టడం, అంతే. ఒక్కో షాట్ రెండు మూడు నిమిషాలు నిలబడిపోతుంది. వైజాగ్‌లో సిరిపురం వైపు ఒక చిన్న హాల్లో దీనికి మేం ముగ్గురం లైవ్‌లో వాయించాలి. నాది గిటారు, దాని ధ్వనిని మార్చే పెడల్స్. వయొలిన్ ఒకమ్మాయి. విజయనగరం నుంచి జముకు (తోలు, తీగ ఉన్న జానపద వాద్యం) వాయించే పెద్దాయన వస్తారు, మేం మావయ్యా అని పిలుస్తాం. ఒక పాత ఇనప రేకుకి కాంటాక్ట్ మైక్ (అంటించిన వస్తువు అదురునే పట్టే మైక్) అంటించి కమానుతో గీస్తున్నాం కూడా.

వాయించినదాన్ని రికార్డు చేసి మళ్లీ మళ్లీ తిప్పే పెడల్ ఉంది కదా, ఆ లూపర్‌లో నాలుగు పొరలు పడేసరికి అడక్కుండానే తాళం పుట్టేస్తోంది. తెర మీద మంచు దాని మానాన అది పోతుంటే మేం వెనకనుంచి తోస్తున్నట్టుంది. ఇంకో టెన్షన్: జముకు మోగగానే జనం జముకుల కథ మొదలైందనుకుంటారేమో. అలాగని మావయ్య వాద్యాన్ని ఏదో అలంకారంలా ఓ మూల పెట్టడం నాకిష్టం లేదు. ఇలా వాయించినవాళ్లు చెప్పండి.

పాత కమాను:
తమ్ముడూ, లూపర్ మానక్కర్లేదు, లూప్ అరిగిపోయేలా చెయ్యి. ఫీడ్‌బ్యాక్ నాబ్ ఉంటే తగ్గించు, చుట్టు చుట్టుకీ పాత పొర సన్నబడుతుంది. అది లేకపోతే నీ లూప్ 11 సెకన్లు, వయొలిన్‌ది 17 సెకన్లు పెట్టండి. రెండూ మళ్లీ మొదట్లో కలవడానికి 187 సెకన్లు, మూడు నిమిషాల పైమాటే. ఈలోగా షాట్ మారిపోతుంది, తాళం పట్టుకునే అవకాశం ఎవరికీ ఉండదు.

ప్రతి కట్‌కీ వాయించకండి. కచ్చితంగా కలవాల్సిన చోట్లు ఐదారు పెట్టుకుని మిగతాది వదిలెయ్యండి. ఐసు దిమ్మ మీద దెబ్బ పడగానే రేకు మోగించాలనిపిస్తుంది, మోగించొద్దు. కళ్లు చూసేశాక చెవికి మళ్లీ అదే ఎందుకు? చాలాసేపటికి, ఖాళీ మంచు మీద ఆ దెబ్బ వినిపిస్తే మనిషి లోపల కదులుతాడు.

ఇంతకీ మావయ్యగారికి సినిమా మొత్తం చూపించారా? చప్పుడు లేకుండా చూపించండి. ఎక్కడ వాయించాలో మీరు చెప్పొద్దు, ఎక్కడ ఊరుకోవాలనిపించిందో ఆయన్నే అడగండి. జముకు తీగ బిగించి వదులుతుంటే స్వరం జారుతుంది చూడు, అది నీ ఏ పెడల్లోనూ లేదు. దానిమీద రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసే ప్రతిధ్వని) మాత్రం పొయ్యకు.

సౌండ్ పని:
కాంటాక్ట్ మైక్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చారా? అలాగైతే కిందిస్థాయి ధ్వని పోయి రేకు డొల్లగా పలుకుతుంది. ఆ మైక్‌లో ఉండే పియెజోకి ఒక మెగా ఓమ్ దాకా ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి నిరోధం) ఉన్న ఇన్‌పుట్ కావాలి, అలాంటి ఇన్‌పుట్ ఇచ్చే బఫర్ ఉన్న గిటార్ పెడల్ గుండా పోనివ్వండి. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్ చార్జర్, ఆంప్ అన్నీ ఒకే పవర్ బోర్డు మీద పెట్టండి, 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు గుయ్యిమనే చప్పుడు) తగ్గుతుంది. ఇంకా మిగిలితే వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. మీ సంగీతంలో ఖాళీలు ఎక్కువ, హమ్ ఉంటే జనం దాన్నే వింటారు.

వైజాగ్ తేమకి జముకు తోలు సడలుతుంది, ఏసీ హాల్లో బిగుస్తుంది. వాద్యాన్ని ముందే తెచ్చి హాల్లో ఉంచండి.

పెదవాల్తేరు అక్క:
నేను చూడ్డానికి వచ్చే మనిషిని. 1932లో మన తెలుగు టాకీ రాకముందు మూకీలకి తెర దగ్గరే కూర్చుని హార్మోనియం, తబలా వాయించేవారట. మీరూ తెర పక్కన కనిపించేలా కూర్చోండి బాబూ. మావయ్యగారి చెయ్యి కనబడితే ఆయన అలంకారమన్న మాటే ఎవరికీ రాదు.

అలలహోరు:
అక్కా, అయితే ఎడమవైపు కూర్చుంటాం, చిన్న దీపం ఆయన చేతి మీదే పడేలా. మావయ్యకి ఈ ఆదివారం సినిమా వేస్తున్నాం. అన్నా, 11, 17 ఇప్పుడే పెట్టి చూశాం, తాళం పోయింది! వయొలిన్ అమ్మాయి తనకి 13 కావాలంటోంది. 143 సెకన్లకే కలిసిపోతాయి, మా షాట్లలో కొన్ని అంతకన్నా పొడుగు. తనని 19కి ఒప్పించమంటారా, లేక నా 11 మార్చుకోనా?