అప్‌డేట్: బీఎస్సీ చేసి సోషియాలజీలో ఎం.ఏ.కి వెళ్లొచ్చా అని అడిగాను కదా

కావలిలో బీఎస్సీ అయ్యాక సోషియాలజీకి మారొచ్చా, తెలుగు మీడియం అడ్డొస్తుందా అని అడిగింది నేనే. సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ సీట్ల కోసం పెట్టే సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాశాను, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటొచ్చింది. పరీక్షలో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పు రాస్తే ఒకటి కోత. తెలియని చోట వదిలేయమన్న అక్కకి థ్యాంక్స్, అదే కాపాడింది.

ఇంగ్లీష్ మొదట్లో కష్టమే. సోషియాలజీకి పునాది వేసిన దుర్ఖైమ్, వెబర్‌ల రాతలు ఒక పేజీ చదవడానికి పూట పట్టేది. మన దేశపు సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ దగ్గరికొచ్చేసరికి ఊపిరాడింది. కింది కులాలు పై కులాల ఆచారాలు ఎత్తుకోవడం గురించి ఆయన చెప్పింది మా ఊళ్లో చూస్తూ పెరిగిందే కదా! ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరి మీద చేసిన అధ్యయనమైతే మరీ దగ్గరగా అనిపించింది.

అసలు సంగతి డిసర్టేషన్, అంటే ఎం.ఏ.లో రాయాల్సిన పరిశోధన వ్యాసం. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తీసుకున్నాను. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లే సారా అంగళ్లు మూయించారు, 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. ఇదంతా అందరూ చెప్పేదే. ఆ ఇళ్లల్లో తర్వాత డబ్బు ఎవరి చేతిలో ఉంది, పొలం పనికి కూలి ఎవరు తీసుకున్నారు అన్నది నాకు కావాలి. గైడ్ గారు "పెద్దవాళ్లున్నప్పుడే మాట్లాడు" అన్నారు. సెలవుల్లో మా పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్తున్నాను. నేనొక్కదాన్నే పోతే ఆఫీసామె అనుకుని పింఛను కష్టాలు చెప్తారు.

మా నాయన ఇంకా "బీఈడీ చెయ్యకూడదా" అంటూనే ఉన్నాడు. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాస్తానని చెప్పి ప్రస్తుతానికి ఆపాను.