డెంగీ సీజన్‌లో పొగ బండి కోసం పట్టుబట్టాలా, వద్దా?

ఎల్బీనగర్ వాసి: వారానికి రెండుసార్లు ఫాగింగ్ చేయాలని మా కాలనీ సంఘం తరఫున అర్జీ పెడుతున్నాం. నిన్న మీటింగ్‌లో ఒకాయన లేచి, పొగతో డెంగీ తగ్గదు, డీజిల్ దండగ అన్నాడు. పెద్ద గొడవైంది. పన్నులు కట్టేవాళ్లం, దోమల్ని చంపమంటే తప్పేంటి?

పాత ఫీల్డ్ వర్కర్: ఆ బండి వెనక చాలా ఏళ్లు నడిచినవాణ్ణి, చెప్తాను వినండి. పొగ తగిలితే ఎగిరే దోమ చస్తుంది, నిజమే. నీళ్లలో ఉన్న లార్వాకి ఏమీ కాదు. వారం పది రోజుల్లో అదే దోమై బయటికొస్తుంది. పైగా డెంగీ తెచ్చే ఏడిస్ మోరీలో ఉండదు. మంచం కింద, కర్టెన్ వెనక, కొక్కేనికి తగిలించిన బట్టల మధ్య కూర్చుంటుంది. బండి చప్పుడు వినగానే మీరంతా చేసేదేంటి? తలుపులు, కిటికీలు బిడాయించుకుంటారు. ఇక పొగ దాని దాకా ఎలా పోతుంది? రాత్రిళ్లు చెవి దగ్గర జుయ్యిమనేది ఎక్కువగా క్యూలెక్స్, మురుగునీటి దోమ. బోదకాలు తెచ్చేది అది. మాకొచ్చే ఫిర్యాదులన్నీ దాని మీదే. డెంగీ మాత్రం పగలు కుట్టేదానితో వస్తుంది.

ఎల్బీనగర్ వాసి: అయితే ఫాగింగ్ పూర్తిగా ఆపేయమంటారా సార్?

పాత ఫీల్డ్ వర్కర్: అలా అనలేదు. ఒక వీధిలో వరసగా కేసులు పడుతుంటే, ఆ చుట్టుపక్కల ఇళ్లలో లోపల కూడా కొట్టాలి. ఏడిస్ మామూలుగా వంద, రెండొందల మీటర్లు దాటి పోదు. ఊరంతా బండి తిప్పేది ఫోటోలకి.

అరకు మాస్టారు: దోమలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. మా ఏజెన్సీలో మలేరియా దోమ రక్తం తాగి గోడ మీద వాలుతుంది కాబట్టి గోడలకు మందు కొడతారు, రాత్రి కుడుతుంది కాబట్టి దోమతెరలు ఇస్తారు. దోమల వల్లే మలేరియా వస్తుందని నిరూపించిన రోనాల్డ్ రాస్ కూడా చాలాకాలం వేరే జాతి దోమల్ని కోసి చూసి విసిగిపోయాడు. 1897లో సికింద్రాబాద్‌లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమ చేతికి వచ్చాకే దాని కడుపులో మలేరియా క్రిమి కనబడింది.

సైనిక్‌పురి ఆంటీ: మా అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు. అక్కడ ఇంట్లో లార్వా దొరికితే ఫైన్ వేస్తారు. ఇక్కడా వేస్తే అందరూ దారికొస్తారు.

సీమ కుర్రోడు: ఆంటీ, అదే సింగపూర్‌లో 2020లో 35 వేలకు పైగా డెంగీ కేసులొచ్చాయి. సరే, అది వదిలేద్దాం. మా టౌన్‌లో కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. డ్రమ్ములు, తొట్లు, బిందెలు అన్నీ నింపుకోక తప్పదు. ఆశా వర్కర్ వచ్చి "శుక్రవారం డ్రై డే, నీళ్లు పారబోయండి" అంటే, "పారబోసి శనివారం ఏం తాగాలమ్మా?" అని మా అమ్మ అడిగింది. ఆవిడ దగ్గర జవాబు లేదు, పాపం. మీ ఫైన్ ముందు పడేది నీళ్లు సరిగా రాని ఇళ్ల మీదే.

సైనిక్‌పురి ఆంటీ: అలా అని పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కూలర్లు వదిలేస్తామా బాబూ? వాటికి కుళాయితో సంబంధం లేదు కదా.

సీమ కుర్రోడు: వాటికి ఫైన్ వేయండి, నేనూ ఒప్పుకుంటా. మా తొట్టి జోలికి రావద్దు.

పాత ఫీల్డ్ వర్కర్: తాగే నీళ్లు పారబోయక్కర్లేదు తమ్ముడూ. మూత లేకపోతే సందు లేకుండా బట్ట బిగించి కట్టండి. లార్వాని చంపే అబేట్ మందు సరైన మోతాదులో మా సిబ్బంది వేస్తే తాగునీళ్లకూ ఇబ్బంది లేదు. అసలు చిక్కు గుడ్లతో. నీటి అంచున గోడకు అంటుకుని, తొట్టి ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. ఖాళీ అయిన రోజు పీచుతో గట్టిగా తోమాలి.

మెడికల్ షాపు: బొప్పాయి ఆకు రసం గురించి ఎవరూ చెప్పలేదేం?

అరకు మాస్టారు: దానికి వేరే చర్చ పెట్టండి, ఇది తెగదు.

ఎల్బీనగర్ వాసి: అర్జీలో రెండు మార్పులు చేశాను. కేసు వచ్చిన ఇంటి చుట్టూ వెంటనే ఇంటి లోపల కూడా మందు కొట్టాలి. నీళ్లు ఏ రోజు, ఏ టైముకి వస్తాయో ముందే చెప్పాలి, అప్పుడు అతిగా నిల్వ పెట్టే టెన్షన్ ఉండదు. వారానికి రెండుసార్లు పొగ బండి అన్న లైను మాత్రం తీయలేదు. తీస్తే మా కాలనీలో సగం మంది సంతకం పెట్టరు.